మా వదిన ఆపేసిన ఫ్యాను

మా వదిన కడుపున నిలవకుండా పోయిన ఇద్దరు బిడ్డలకూ, ఆవిడ ఏళ్ళ తరబడి పనిచేసిన గదికీ సంబంధం ఏమైనా ఉందా? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పుస్తకాల్లో తల దూర్చి బతికినదాన్ని కదా, దొరికినంతవరకూ చదివాను. తెలిసినవాళ్ళని అడిగాను. ఉండొచ్చు అన్నవాళ్ళున్నారు, ఉందని చెప్పలేం అన్నవాళ్ళున్నారు. లేదని గట్టిగా చెప్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. వదిన ఈ ప్రశ్నను నాలాగా అరగదీయలేదు. ఒకసారి అడిగింది. జవాబు లేదని తెలుసుకుంది. ఆ తర్వాత చేయాల్సిన పనిలో పడిపోయింది.

మా అన్న గడియారాలు బాగుచేసేవాడు. నేను పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా వాళ్ళింట్లోనే ఉండిపోయాను. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు గానీ, మా ఇంట్లో ఆ పెత్తనం నాకెప్పుడూ దక్కలేదు. వదిన నన్ను "చదువులమ్మా" అని పిలిచేది. "చదువులమ్మా, ఆ పుస్తకంలో పాలు పొంగకుండా చూసే మంత్రం ఏమైనా రాశారా?" అని వంటింట్లోంచి కేకేసేది. అప్పటికి పాలు పొంగిపోయి ఉండేవి.

ఆవిడ పెద్దాసుపత్రిలో పనిచేసేది. డాక్టరు కాదు, నర్సూ కాదు. ఆపరేషను చేసి రోగి ఒంట్లోంచి తీసిన ముక్క ఏదైనా, మందునీళ్ళ సీసాలో పడి కిందంతస్తులో ఆవిడ గదికి వచ్చేది. కుళ్ళకుండా ఆ ముక్క ఫార్మలిన్‌లో నానుతుంది. తర్వాత ఒక్కో మందులో మునిగి, ఒంట్లో నీరంతా పోగొట్టుకుని, చివరికి కరిగిన మైనంలో కూర్చుని గట్టిపడుతుంది. ఆ మైనపు దిమ్మను మిషనుకు బిగించి చక్రం తిప్పుతూ కోయాలి. ఉల్లిపొర దానిముందు దుప్పటిలా ఉంటుంది, అంత పల్చగా. పొరకు పొర అంటుకుని రిబ్బనులా సాగి వస్తుంది. దాన్ని చిన్న కుంచెతో ఎత్తి, గోరువెచ్చని నీళ్ళమీద పరిచి, ముడతపడకుండా గాజుపలక మీదికి తీసుకోవాలి. ఆ పలకను పెద్ద డాక్టరు చూసి చెప్పే ఒక్క మాటకోసం బయట బెంచీ మీద ఎవరో ఒకరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని ఉంటారు.

"వాళ్ళ మొహాలు చూశాక నా రిబ్బను ముడతపడితే అన్నం సహించదు" అనేది వదిన.

ఆసుపత్రిలో ఆవిడ పేరు ఎవరూ పలికేవారు కాదు. పక్కగదిలో ఎక్స్‌రేలు తీసే పెద్దాయన ఏనాడో "మైనమ్మగారు" అన్నాడు. అదే నిలిచిపోయింది. ఆయన్ని ఈవిడ "ఎముకల బాబాయ్" అనేది. చెల్లుకు చెల్లు.

ఆ గదికి నేను తరచూ వెళ్ళేదాన్ని. వదిన తెల్లారి హడావుడిలో క్యారేజీ మరిచిపోయేది, నేను మోసుకెళ్ళేదాన్ని. తలుపు తీయగానే కళ్ళు మండేవి, గొంతులో ఏదో గీరినట్టుండేది. వదినకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఇంట్లో బుట్టెడు ఉల్లిపాయలు తరిగినా ఆవిడ కళ్ళల్లో చెమ్మ వచ్చేది కాదు. అదో పెద్ద వింత మా ఇంట్లో. చుట్టాలొస్తే అన్న గొప్పగా చెప్పేవాడు, "మా ఆవిణ్ణి ఉల్లిపాయలు కూడా ఏడిపించలేవు, ఇంక నేనెంత!" అని. అందరం నవ్వేవాళ్ళం.

గోడకు, బయటికి గాలి లాగే ఫ్యాను ఒకటుండేది. అప్పట్లో అది తిరగగా నేను చూడలేదు. వదిన పొద్దున్నే గదిలోకి వెళ్ళి చేసే మొదటి పని దాన్ని ఆపేయడం. రాత్రి ఊడ్చేవాళ్ళు వేసి వెళ్తే, ఈవిడ వచ్చీరాగానే స్విచ్చు మీద చెయ్యి. ఎందుకంటే ఆ రిబ్బను ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది. చక్రం తిప్పేటప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టేది. పెదాలు ముడిచి, కళ్ళు చిట్లించి, అయిదారు పొరలు వచ్చాక కుంచెతో ఎత్తి నీళ్ళమీద వేశాక, అప్పుడు "హమ్మయ్య" అని గుండెనిండా గాలి పీల్చేది. ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ అంతేనట. ఎవరికివారు నేర్చుకునే విద్య అది. వదిన తన కూతురికి కూడా నేర్పింది.

మా మేనకోడలి సంగతి చెప్పలేదు కదూ. నెలలు నిండకుండా పుట్టి, అరచేతిలో ఇమిడేంత ఉండేది. అందుకని పిచ్చుక అని పిలిచేవాళ్ళం. పెరిగి నిలువెత్తు మనిషయినా పిచ్చుకే. చదువయ్యాక తల్లి గదిలోనే ఉద్యోగానికి చేరింది, పెళ్ళయ్యాకా మానలేదు. పక్కపక్క మిషన్ల మీద ఇద్దరూ ఊపిరి బిగబట్టి కోస్తుంటే చూడముచ్చటగా ఉండేది. ఒకేసారి "హమ్మయ్య" అనేవాళ్ళు. ఇద్దరూ ఒకేసారి పీల్చేవాళ్ళు.

అలా ఉండగా ఆసుపత్రికి ఓ చదువుకునే అమ్మాయి వచ్చింది. మందుల మధ్య పనిచేసేవాళ్ళ నెత్తురు పరీక్ష చేసి చూడటం ఆమె పని. సన్నగా, మెడకు బరువైన సంచీతో, అడుగడుక్కీ క్షమించమంటూ తిరిగేది. వదిన ఆమెకు "నెత్తురుపిల్ల" అని పేరు పెట్టింది. పెట్టిన మొదటిరోజే ఆ పిల్లకు తెలిసిపోయింది. నవ్వేసింది. దాంతో ఇద్దరికీ స్నేహం కలిసింది.

నెత్తురు తీసుకున్న కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. నేను క్యారేజీతో వెళ్ళిన రోజే అది. పిచ్చుక ఒంట్లో నలతగా ఉందని ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆ నలత ఏమిటో అప్పటికి వదినకూ నాకూ తెలుసు. మూడోనెల.

"అమ్మా, మీ ఫలితం వచ్చింది" అంది నెత్తురుపిల్ల, స్టూలు లాక్కుని.

"పాసా, ఫెయిలా?"

"అలా ఉండదమ్మా. మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి దారాల్లాంటివి ఉంటాయి. అమ్మానాన్నల నుంచి వచ్చిన పోలికలన్నీ వాటిలోనే ఉంటాయి. కణం రెండుగా విడిపోయేటప్పుడు ఆ దారాలు సరిసమానంగా పంచుకోవాలి. ఎక్కడైనా దారం తెగితే ఆ తునక ఎటూ చేరకుండా విడిగా ఉండిపోతుంది. మీ నెత్తుట్లో అలాంటి తునకలు కొంచెం ఎక్కువ కనిపించాయి."

"రిబ్బను తెగి ముక్క నీళ్ళల్లో తేలినట్టు" అంది వదిన.

"అచ్చం అలాగే. అంటే జబ్బుందని కాదమ్మా, కంగారుపడకండి. శరీరం తనని తాను బాగుచేసుకుంటూనే ఉంటుంది. కాకపోతే దానికి బాగుచేసే పని మరీ ఎక్కువైపోతోందని అర్థం. పై అంతస్తులో కాగితాల దగ్గర కూర్చునేవాళ్ళకంటే ఈ గదిలోవాళ్ళకి ఎక్కువగా ఉంది. ఇలా చాలాకాలం సాగితే పెద్ద జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది. మీ ఒక్కరికి ఏమవుతుందంటే మాత్రం నేను చెప్పలేను." అంటూ ఆ పిల్ల గోడవైపు చూసింది. "ఆ ఫ్యాను పాడైందా అమ్మా?"

"లేదే, బంగారంలా ఉంది. నేనే ఆపుతాను. రిబ్బను ఎగిరిపోదూ?"

"మరి ఈ మందుల ఆవిరి?"

"నేను పీల్చేదెక్కడ తల్లీ! కోసేటప్పుడు ఊపిరి బిగబడతానుగా."

"కోసిన తర్వాత?"

"తర్వాతేముంది. హమ్మయ్య అని..."

అక్కడ ఆగిపోయింది వదిన. చేతిలో కుంచె అలాగే ఉంది. ఆవిడ ఎదురుగా, జానెడు దూరంలో, మూతలేని మందు గిన్నెలు వరసగా ఉన్నాయి. పరుగెత్తి వచ్చినవాడు చెంబెడు నీళ్ళు తాగినట్టు, ఇన్నేళ్ళూ ఆవిడ వాటిమీదికి వంగి ఆ గాలిని గుండెలనిండా తాగింది. ముందు నవ్వొచ్చింది ఆవిడకి. నిజంగానే పగలబడి నవ్వింది. "చూశావా చదువులమ్మా, నీ వదిన ఎంత తెలివైనదో!" అంది. నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. పక్కన ఖాళీగా ఉన్న రెండో స్టూలు మీద చూపు పడినప్పుడు.

"నెత్తురుపిల్లా, ఒక్క మాట అడుగుతాను. కడుపుతో ఉన్నవాళ్ళు ఇక్కడ పనిచేస్తే?"

"చేయకూడదమ్మా. అది మాత్రం గట్టిగా చెప్తాను."

"పూర్వం చేసినవాళ్ళకి... నిలవకపోతే? అది దీనివల్లేనా?"

"ఎవరైనా ఖచ్చితంగా చెప్తే నమ్మకండి అమ్మా" అంది ఆ పిల్ల. "అవునన్నా, కాదన్నా."

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి బస్సెక్కాం. ఎప్పుడూ గలగలా మాట్లాడే వదిన, బస్సు దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి కత్తిపీట ముందేసుకుంది.

పిచ్చుక మంచం మీద వాలి ఉంది. దాని మొగుడు పొరుగూళ్ళకి మందులు చేరవేసే వ్యాను నడిపేవాడు, ఆ వారమంతా రోడ్డుమీదే. అన్న కంటికి భూతద్దం తగిలించుకుని ఏదో గడియారం పొట్ట విప్పుతున్నాడు.

"రేపటినుంచి నువ్వు ఆ గదికి రావద్దే" అంది వదిన తల ఎత్తకుండా.

"బాగుంది! నువ్వొక్కదానివే అంత పనీ ఎలా చేస్తావు? కాన్పు ముందు సెలవు పెడతాన్లే."

"కాన్పు ముందు కాదు. రేపే. పైన చీటీలు రాసే చోట వేయమని అడుగుతాను."

"నెత్తురుపిల్ల భయపెట్టిందా? అమ్మా, నన్ను కడుపులో పెట్టుకుని నువ్వు ఆ గదిలోనే పనిచేశావు కదా. నాకేమైంది చెప్పు?"

"నోరు ఎక్కువైంది" అన్నాడు అన్న, భూతద్దం తీయకుండానే.

పిచ్చుక నవ్వింది. నేనూ నవ్వాను. వదిన నవ్వలేదు. చేతిలో ఉల్లిపాయ పక్కన పెట్టింది.

"నీకు ముందు ఇద్దరు పోయారే" అంది.

అన్న చెయ్యి ఆగిపోయింది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. మొదటిది నాలుగోనెలలో, రెండోది అయిదోనెలలో. అప్పుడు వదిన పడుకున్న గది, నేను మార్చిన దుప్పట్లు, తలుపు బయట అన్న చేతులు కట్టుకుని నిలబడటం, అన్నీ నాకు గుర్తే. నెలతిరక్కుండా ఆవిడ పనిలోకి వెళ్ళిపోయింది. దాని గురించి అడిగినవాళ్ళకి "రాసిపెట్టి లేదు" అని ఒక్కమాటలో కట్టె విరిచినట్టు చెప్పేది. పిచ్చుకకు ఈ సంగతే తెలియదు.

"నాకెవరూ చెప్పలేదేం?" అంది అది లేచి కూర్చుని. నావైపు తిరిగింది. "అత్తా, నీకు తెలుసా?"

తల ఊపాను.

"ఆ గది వల్లేనా అమ్మా?"

"తెలీదే. ఎవరికీ తెలీదట. తెలిస్తే ఏనాడో నీతో గొడవపడి అయినా చెప్పేదాన్ని. తెలీదు కాబట్టే ఇప్పుడు చెప్తున్నాను." వదిన కూతురి దగ్గరికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "నువ్వు నిలిచావు. ఎందుకు నిలిచావో అదీ తెలీదు. ఇంకోసారి చూద్దామని పందెం కాసే ఓపిక నాకు లేదమ్మా."

పిచ్చుక తల్లి భుజం మీద తల ఆనించి, "నీ జుట్టంతా అదే వాసన" అంది. మర్నాడు ఆ గదికి వెళ్ళలేదు.

పెద్ద డాక్టరు మనిషి మంచివాడే. కాకపోతే ఆయనకు ఏదైనా రుజువు కావాలి. "పిల్లని పైకి మార్చడానికేం, మారుద్దాం. కానీ ఫ్యాను వేసి కోస్తానంటే ఎలాగమ్మా? ఇన్నాళ్ళూ మీరేగా ఆపింది?" అన్నాడు.

"నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. పట్టుకోనివ్వండి."

మందు గిన్నెలన్నిటికీ మూతలొచ్చాయి. ఫ్యాను తిరగడం మొదలైంది. రిబ్బన్లు ఎగరడమూ మొదలైంది. అంత పేరున్న మైనమ్మగారు, కొత్తగా చేరినదానిలా, గది నాలుగు మూలలా పొరల వెంట పడింది. దిమ్మలో ముక్క ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి మళ్ళీ కోయొచ్చు, రోగికి నష్టం లేదు. కానీ పలకలు ఆలస్యం. పై అంతస్తునుంచి ఫోన్లు. ఆవిడ పంతం కొద్దీ ఫ్యాను ఆపలేదు. ఆలస్యం ఎందుకని అడగడానికి పెద్ద డాక్టరే ఒకనాడు దిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, ఇలా అయితే..." అన్నాడో లేదో,

"డాక్టరుగారూ, కదలకండి!" అని అరిచింది వదిన.

ఆయన కొయ్యబారిపోయాడు.

"మీ కళ్ళద్దం మీద ఎవరిదో అపెండిక్సు వాలింది."

కుంచెతో మెల్లగా తీసింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించి, కుదరక, నవ్వుతూ పోయాడు.

ఉపాయం ఎముకల బాబాయ్ దగ్గర దొరికింది. పక్కగదిలోకి ఈ నవ్వులు వినబడి వచ్చాడు. సంగతి విని, చంకలో పాత ఎక్స్‌రే ఫిల్ముల కట్టతో తిరిగొచ్చాడు. "ఎవరికీ అక్కర్లేనివి మైనమ్మా. గాలికి అడ్డంగా నిలబెట్టు" అన్నాడు. ఫిల్ములు ఒకదానికొకటి అంటించి మిషను చుట్టూ మూడువైపులా గోడ కట్టారు. పైన ఫ్యాను గాలి లాగుతూనే ఉంది, గోడ లోపల రిబ్బను కదల్లేదు. క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు నేను చూశాను. చుట్టూ ఎవరివో పక్కటెముకలు, మోకాళ్ళు, విరిగి అతుక్కున్న మణికట్టు, వాటిమధ్య మా వదిన మునివేళ్ళతో కుంచె పట్టుకుని.

"ఎలా ఉంది నా మేడ?" అంది.

"శ్మశానంలా ఉంది" అన్నాను.

"ఓసి నీ మొహం! ఇంతమంది కాపలా ఉన్న మహారాణి ఇంకెక్కడైనా ఉందా?"

కోయడం అయిపోయాక ఊపిరి పీల్చడానికి మాత్రం లేచి వరండాలోకి వచ్చేది. అలవాటు తప్పి ఎన్నిసార్లు అక్కడే "హమ్మయ్య" అనబోయి, నోరు మూసుకుని బయటికి పరిగెత్తిందో! ఎముకల బాబాయ్ ఆ పరుగు చూడటానికే టీగ్లాసుతో వరండాలో నిలబడేవాడు. "మైనమ్మ ఎక్స్‌ప్రెస్ వచ్చిందండోయ్" అనేవాడు.

ఒక సాయంత్రం నేను మా ఇంటి వరండాలో చదువుకుంటుంటే వంటింట్లోంచి వదిన కేక వినబడింది. గాభరాగా వెళ్ళాను. కత్తిపీట ముందు కూర్చుని, ముక్కు ఎగబీలుస్తూ, రెండు కళ్ళనుంచీ నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా నవ్వుతోంది.

"చూడవే చదువులమ్మా, చూడు! ఉల్లిపాయ!"

అన్నని పిలిచింది. నిండు నెలలతో పిచ్చుక కూడా ఆయాసపడుతూ వచ్చింది. అందరం ఆవిడ చుట్టూ చేరి, ఆవిడ ఏడుస్తుంటే చూశాం. ఆవిడ ఇంకో ఉల్లిపాయ తీసుకుంది, మా ముచ్చట తీరాలని. తర్వాత తెలిసింది, కూరకు కావలసినవాటికి రెట్టింపు తరిగేసిందని.

పిచ్చుకకు ఆడపిల్ల పుట్టింది. నిండు నెలలకు పుట్టింది, బొద్దుగా, గుప్పిళ్ళు బిగించుకుని. దాన్ని చేతుల్లోకి తీసుకోగానే వదిన వేళ్ళు లెక్కపెట్టింది, చెవులు చూసింది, పాదాలు చూసింది. నేను చూస్తున్నానని తెలిసి, "అన్నీ అమ్మమ్మ పోలికలే" అని మాట మార్చింది. ఆ బిడ్డ చక్కగా ఉండటం దేన్నీ రుజువు చేయదు. గది మానడం వల్ల బాగుందనీ కాదు, మానకపోతే బాగుండేది కాదనీ కాదు. నెత్తురుపిల్ల అదే చెప్పింది, చెబుతూనే బిడ్డను ఒడిలోంచి దించకుండా గంటసేపు కూర్చుంది. వదిన నెత్తురు మళ్ళీ పరీక్ష చేశారు. తునకలు తగ్గినట్టే ఉందన్నారు. ఏటా ఒకసారి రమ్మన్నారు. వదిన ఏటా వెళ్ళేది, పాసా ఫెయిలా అని అడిగేది. పిచ్చుక పై అంతస్తులోనే ఉండిపోయింది. చీటీలు రాయడంలో తల్లి విద్య పనికిరాలేదు గానీ, తండ్రి చెప్పిన నోరు బాగా పనికొచ్చింది.

వదిన పదవీ విరమణ రోజున పై అంతస్తు హాల్లో కుర్చీలు వేశారు. అన్నకు జ్వరం, నేను వెళ్ళాను. ఎముకల బాబాయ్ అప్పటికే విరమించినా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ముందురోజు వదిన నాతో, "పొగిడితే ఎటు చూడాలో తెలీదే" అంది. నిజంగానే వేదికమీద కుర్చీలో ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేలవంకే చూస్తూ కూర్చుంది. పెద్ద డాక్టరు మాట్లాడటానికి లేచాడు. అపెండిక్సు కథ ఎత్తుకున్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, కళ్ళు తుడుచుకుని, వేదిక వైపు చూశాను. కుర్చీ ఖాళీ.

కాసేపు చూశాను. రాలేదు. పిచ్చుక నావైపు చూసి కనుబొమ్మలెగరేసింది. లేచి కిందికి వెళ్ళాను.

గది తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాను. మిషను తుడిచి గుడ్డ కప్పి ఉంది. మందు గిన్నెలకు మూతలున్నాయి. ఎక్స్‌రే గోడ మధ్య స్టూలు ఖాళీగా ఉంది. రేపటినుంచి అక్కడ కూర్చోబోయే అమ్మాయి పైన హాల్లో నవ్వుతోంది. కొక్కేనికి వదిన సంచీ లేదు. గోడమీద ఫ్యాను తిరుగుతోంది.

కిటికీ దగ్గరికి వెళ్ళాను. వదిన గేటు దాటుతోంది, చంకలో క్యారేజీ, భుజాన సంచీ. మనవరాలు పగటినిద్ర లేచే వేళ అది. పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే ఆవిడ రోడ్డు పక్కన ఆగింది. భుజాలు పైకి లేచి, మెల్లగా కిందికి దిగాయి. బస్సు వచ్చింది. వెనక్కి చూడకుండా ఎక్కేసింది.